బొమ్మల ముందు పట్టే చెమట

రుషికొండ దగ్గర ఒక ఐటీ ఆఫీసు. మీటింగ్ రూమ్‌లో ఏసీ 18లో ఉంది. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుని, గోడ వైపు తిరిగి నిలబడి ఒక కుర్రాడు మూడు నెలల రివ్యూ చెబుతున్నాడు. గదిలో ఉన్నది అతనూ నేనూ, అంతే. అయినా మూడో నిమిషానికల్లా చొక్కా వీపంతా తడిసిపోయింది. ఇక లాభం లేదన్నట్టు హెడ్‌సెట్ తీసేసి, "వెనక వరసలో ఆ గళ్ళ చొక్కా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు సార్. అది చూడగానే మొత్తం మర్చిపోయాను" అన్నాడు.

గళ్ళ చొక్కా ఆయన కంప్యూటర్ గీసిన బొమ్మ. ఆ సంగతి కుర్రాడికి నాకంటే బాగా తెలుసు, అతను చేసే పని సాఫ్ట్‌వేరే. తెలిసి కూడా చెమట పట్టింది. వర్చువల్ రియాలిటీతో (వీఆర్, అంటే హెడ్‌సెట్ పెట్టుకుంటే కంప్యూటర్ గీసిన లోకంలో ఉన్నట్టు చూపించే పద్ధతి) ఉద్యోగులకు ప్రెజెంటేషన్ నేర్పించడం గురించి మాట్లాడాలంటే ఆ తడిసిన చొక్కా దగ్గరే మొదలుపెట్టాలి.

విశాఖలో నేను చేసేది సాఫ్ట్ స్కిల్స్ శిక్షణ. ఈరోజు మధురవాడ ఐటీ కొండ మీద ఒక బ్యాచ్ ఉంటే, రేపు పరవాడ ఫార్మా కంపెనీలో ఇంకొకటి, ఎల్లుండి గాజువాక వైపు ఏదో ప్లాంటులో షిఫ్టు ఇంజనీర్లతో మరొకటి. ఈమధ్య హెచ్ఆర్ వాళ్ళు ఫోన్ చేస్తే మొదట అడిగే మాట, "వీఆర్ ఉందాండీ మీ దగ్గర?" అని. అడిగిన వాళ్ళలో సగం మందికి అది మంత్రదండం. మిగతా సగానికి, పిల్లల ఆటవస్తువు మీద కంపెనీ డబ్బు తగలేయడం. ఇద్దరూ ఒకేచోట పొరబడుతున్నారని నాకనిపిస్తుంది. ప్రెజెంటేషన్ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు విషయాలు చిక్కుపడి ఉన్నాయి: నలుగురి ముందు నిలబడాలంటే ఉండే భయం, చెప్పే నేర్పు, చెప్పాల్సిన సరుకు. హెడ్‌సెట్ మొదటిదాని మీద బాగా పనిచేస్తుంది. రెండోదాని మీద కొంచెం. మూడోదాన్ని ముట్టుకోనే ముట్టుకోదు.

బొమ్మ అని తెలిసినా భయం ఎందుకు?

హెడ్‌సెట్ చేసే పని విడమరిచి చెబితే చిన్నదే. రెండు కళ్ళకూ కాస్త తేడాతో రెండు దృశ్యాలు చూపిస్తుంది, దాంతో లోతు కనిపిస్తుంది. మనం తల తిప్పితే సెన్సర్లు, కెమెరాలు పసిగట్టి దృశ్యాన్ని ఆ మేరకు తిప్పుతాయి. ఇదంతా సుమారు 20 మిల్లీసెకన్ల లోపే జరిగిపోవాలి. ఆలస్యమైతే కన్ను ఒకటి చెబుతుంది, లోపలి చెవి ఇంకొకటి చెబుతుంది, కడుపులో తిప్పుతుంది. అరకు ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కి ఫోన్ చూసినవాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రెజెంటేషన్ సాధనలో ఒకచోట నిలబడే ఉంటాం కాబట్టి, పరుగెత్తే ఆటలతో పోలిస్తే ఈ ఇబ్బంది తక్కువ.

ఈ మాత్రానికే మెదడు ఎందుకు లొంగిపోతుంది? ఈ రంగంలో దశాబ్దాలుగా పనిచేసిన మెల్ స్లేటర్ అనే పరిశోధకుడు 2009లో రెండు భ్రమలను విడదీసి చూపించాడు. ఒకటి, 'నేను ఆ చోటులో ఉన్నాను' అనిపించడం. రెండు, 'ఇక్కడ జరుగుతున్నది నిజంగా జరుగుతోంది' అనిపించడం. మొదటిది తల తిప్పితే గది తిరగడం వల్ల వస్తుంది. రెండోది ఎదుటివాళ్ళు మనకు స్పందించడం వల్ల వస్తుంది. మనం మాట్లాడుతుంటే బొమ్మ మన వైపు చూసిందా, విసుక్కుందా, ఆవులించిందా అన్నదే ఇక్కడ లెక్క. బొమ్మ ఎంత అందంగా గీశారన్నది ఆ తర్వాతి మాట. తోలుబొమ్మలాట చూసి కన్నీళ్ళు పెట్టుకున్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, ఈ మాట మనకు వింతగా అనిపించకూడదు.

దీనికి ముందే, 2002లో, పెర్టాబ్, స్లేటర్, బార్కర్ అనే ముగ్గురు ఒక ప్రయోగం ప్రచురించారు. ఎనిమిది బొమ్మల ముందు ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. కొందరికి శ్రద్ధగా, మెచ్చుకోలుగా వినే బొమ్మలు, కొందరికి కదలని బొమ్మలు, కొందరికి నిద్రపోయే, చిరాకుపడే బొమ్మలు. అప్పటి గ్రాఫిక్స్ ఎంత మొరటుగా ఉండేవో ఊహించుకోవచ్చు. అయినా చిరాకుపడే బొమ్మల ముందు నిలబడిన వాళ్ళకు ఆందోళన పుట్టింది. మామూలుగా ధైర్యంగా మాట్లాడేవాళ్ళకూ పుట్టింది. మన కుర్రాడి చొక్కా ఎందుకు తడిసిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

భయం పుట్టించడం సరే, అది తగ్గేదెలా? ఇక్కడే వీఆర్‌కు గట్టి పునాది ఉంది, అది వైద్యం నుంచి వచ్చింది. సభ అంటే భయపడే మనిషి ఏం చేస్తాడో గమనించండి. "గొంతు బాలేదురా, ఈసారికి నువ్వు చెప్పెయ్" అని పక్కవాడికి స్లైడ్లు అప్పజెబుతాడు. వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే భయానికి మేత. తప్పించుకున్న ప్రతిసారీ, 'చెప్పి ఉంటే పరువు పోయేదే' అన్న నమ్మకం ఇంకాస్త బలుస్తుంది, అది తప్పని తెలుసుకునే అవకాశమే రాదు. దీనికి మానసిక వైద్యులు చేసేది, భయపడే పరిస్థితిలోనే మనిషిని కొద్దికొద్దిగా, పదేపదే నిలబెట్టడం. 1995లో బార్బరా రోత్‌బామ్ బృందం ఎత్తు అంటే భయపడేవాళ్ళని వీఆర్‌లో ఎత్తైన చోట్ల నిలబెట్టి ఈ పద్ధతి పనిచేస్తుందని చూపించింది. 1998లో మాక్స్ నార్త్ బృందం సభాభయం మీద ఇదే ప్రయత్నించింది. 2013లో అట్లాంటాలో పేజ్ ఆండర్సన్ బృందం మరింత గట్టి పరీక్ష పెట్టింది: సామాజిక భయం ఉన్న 97 మందిలో కొందరికి వీఆర్‌తో, కొందరికి నిజమైన మనుషుల బృందంతో చికిత్స, మిగతావాళ్ళు వెయిటింగ్ లిస్టులో. చికిత్స పొందిన రెండు గుంపులూ వెయిటింగ్ లిస్టు వాళ్ళకంటే బాగుపడ్డాయి. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది.

రెండు గుంపుల్లో ఏది గెలిచిందంటారా? ఏదీ గెలవలేదు. వీఆర్ అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. నిజమైన మనుషుల ముందు నిలబెట్టడం కూడా దాదాపు అంతే బాగా పనిచేసింది. అంటే వీఆర్ గొప్ప, మనుషులకంటే మెరుగ్గా ఉండటంలో లేదు. మనుషులు దొరకనప్పుడు కూడా దొరకడంలో ఉంది.

ఆ దొరకడం విలువ ఎంతో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. నా బ్యాచ్‌లో 20 మంది ఉంటారు. ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడి, ఇంకో ఐదు నిమిషాలు ఫీడ్‌బ్యాక్ వింటే 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. టీ, భోజనం, నా ఉపన్యాసం కలిపితే రోజు అయిపోయింది. ఒక్కొక్కరికి దక్కింది ఒకే ఒక్క అవకాశం. ఒక్కసారి నీళ్ళలో దిగితే ఈత వస్తుందా? పైగా ఆ ఒక్కసారి తడబడినవాడు ఆ తడబాటునే ఇంటికి పట్టుకుపోతాడు. హెడ్‌సెట్ ఉంటే అదే మనిషి వారంలో పది సార్లు, ఎవరూ చూడకుండా, తడబడుతూ చెప్పుకోవచ్చు.

ఇంకో సంగతి. భయం చెరిపేస్తే చెరిగిపోయే గీత కాదు. పాత భయం అలాగే ఉంటుంది, దాని పక్కన 'చెప్పాను, ఏమీ కాలేదు' అనే కొత్త జ్ఞాపకం చేరుతుంది. గది మారితే పాతది మళ్ళీ తల ఎత్తుతుంది. అందుకే ఒకే చిన్న గదిలో, ఒకే ఆరు బొమ్మల ముందు ఇరవై సార్లు చెప్పి మనవాడు సిద్ధమైపోయాడనుకుంటే, సిరిపురంలో పెద్ద ఆడిటోరియంలో స్టేజి ఎక్కిన రోజున కాళ్ళు మళ్ళీ వణుకుతాయి. ఒకరోజు చిన్న గది, ఒకరోజు పెద్ద హాలు, ఒకరోజు మంచి శ్రోతలు, ఒకరోజు ఫోన్లు మోగించే శ్రోతలు, ఇలా మార్చి మార్చి పెట్టాలి.

ఈ చివరిది మనకు బాగా తెలిసిన విద్యే. అవధానంలో సమస్య, దత్తపది ఇచ్చే పృచ్ఛకులు ఒక ఎత్తు, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఒక ఎత్తు. ఆయన పనల్లా పద్యం కడుతున్న అవధానికి అడ్డు తగలడం. పద్యం మధ్యలో, "అవధానిగారూ, పొద్దున ఇడ్లీ తిన్నారా, ఉప్మానా?" అంటాడు. అవధాని నవ్వుతూ చురక వేసి, ఆపిన అక్షరం దగ్గర మళ్ళీ అందుకుంటాడు. ఆ అడ్డు తగిలే మనిషికి సభలో ఒక కుర్చీ వేసి, ఒక పేరు పెట్టి, మర్యాదగా కూర్చోబెట్టారు మన పెద్దలు. వీఆర్ సాఫ్ట్‌వేర్‌లో 'ఆటంకాలు' అనే మీట ఉంటుంది, నొక్కితే ఎవరో దగ్గుతారు, ఎవరో మధ్యలో ప్రశ్న వేస్తారు. మా బ్యాచ్‌ల్లో దాన్ని నేను అప్రస్తుతం మీట అంటాను. నన్నడిగితే ఆ ఒక్క మీట కోసమైనా హెడ్‌సెట్ కొనొచ్చు.

స్కోరు కార్డు ఏం కొలుస్తుంది?

మాట్లాడటం అయిపోగానే తెర మీద మార్కులొస్తాయి. కళ్ళలోకి చూడటం 72, వేగం 65, అనవసర పదాలు 14. హెచ్ఆర్ వాళ్ళకు ప్రాణం లేచొచ్చేది ఇక్కడే, ఎందుకంటే ఎక్సెల్‌లో పెట్టుకోవచ్చు. నాకు గుబులు పుట్టేదీ ఇక్కడే.

కళ్ళలోకి చూడటం సంగతి తీసుకోండి. క్వెస్ట్ 2, క్వెస్ట్ 3 లాంటి మామూలు హెడ్‌సెట్లలో కంటి కదలికను పట్టే కెమెరాలు లేవు. క్వెస్ట్ ప్రో లాంటి కొన్నిటిలోనే ఉన్నాయి. మరి ఆ 72 ఎక్కడిది? తల ఎటు తిరిగి ఉందో చూసి వేసిన అంచనా. తల ఎదుటికి పెట్టి చూపు నేల మీద పెట్టినవాడికి మంచి మార్కులు పడతాయి. తల కదపకుండా కంటి చివర్లతో గదంతా కలయజూసేవాడికి తక్కువ పడతాయి. కొన్నాళ్ళకు తెలివైనవాళ్ళు గోడ ఫ్యాన్‌లా తలను కుడికీ ఎడమకూ తిప్పడం నేర్చేసుకుంటారు. మార్కులు పెరుగుతాయి. ఎదురుగా నిజమైన మనిషి కూర్చుంటే మాత్రం, 'ఇతనికి మెడ పట్టేసిందా?' అనుకుంటాడు.

వేగం ఇంకో తమాషా. ఇంగ్లీషులో నిమిషానికి 130 నుంచి 150 పదాలు హాయిగా వినగలిగే వేగం అని శిక్షణ పుస్తకాలు చెబుతాయి, సాఫ్ట్‌వేర్లు దాన్నే కొలబద్దగా పెట్టుకుంటాయి. తెలుగుకు ఈ లెక్క అతకదు. 'వెళ్ళలేకపోయానండి' మనకు ఒక్క మాట. అదే ఇంగ్లీషులో చెబితే నాలుగైదు పదాలవుతుంది. తెలుగులో నిమిషానికి 140 పదాలు చెప్పేవాణ్ణి ఎవరైనా విన్నారా? రైలు వెళ్ళిపోయినట్టుంటుంది. క్లయింటుతో ఇంగ్లీషులో మాట్లాడే ఐటీ కుర్రాళ్ళకు సరేగానీ, ప్లాంటులో సేఫ్టీ టాక్ తెలుగులో చెప్పాల్సిన సూపర్‌వైజర్‌కు ఈ అంకె ఎందుకూ పనికిరాదు.

అనవసర పదాలదీ అదే కథ. ఇంగ్లీషు 'అమ్', 'అహ్', 'యూ నో' లను సాఫ్ట్‌వేర్ టక్కున పట్టేస్తుంది. మనవాళ్ళ నోట అవి ఎక్కడ వస్తాయి? మనకు 'అంటే', 'మరి', 'అదే', 'ఏంటంటే' ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళకు 'ఏటంటే' ఉంది. ఒకమ్మాయి నాలుగు నిమిషాల్లో పదకొండు సార్లు 'ఏటంటే' అంది. నేను వేలు మడిచి లెక్కపెట్టాను. సాఫ్ట్‌వేర్ ఒక్కటీ లెక్కపెట్టలేదు సరికదా, ఒకచోట దాన్ని 'ఎయిట్ ఆంటీ' అని రాసిపెట్టింది. అందరం పగలబడి నవ్వాం, ఆ అమ్మాయి కూడా. తర్వాత ఆలోచిస్తే అంత నవ్వే విషయం కాదనిపించింది. ఉత్తరాంధ్ర పిల్లలకు యాస గురించి కాలేజీ రోజుల నుంచే బెరుకు ఉంటుంది. యంత్రం ఇచ్చే 'ఉచ్చారణ స్పష్టత 48' అనే మార్కు ఆ బెరుకును తగ్గించదు, ముద్ర వేసి మరీ ఖాయం చేస్తుంది. నా బ్యాచ్‌ల్లో ఆ గడిని ఇప్పుడు చూపించడమే మానేశాను.

నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఈ ఊతపదాలు లెక్కపెట్టే పని ఒక సభ్యుడికి అప్పగిస్తారు. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన ఆ క్లబ్బులు విశాఖలోనూ ఉన్నాయి. అక్కడ ఆ మనిషికి 'ఏటంటే' వినిపిస్తుంది. ఏది ఊతపదమో, ఏది ఊపిరి తీసుకునే చోటో కూడా వినిపిస్తుంది.

స్కోరుకంటే నాకు ఎక్కువ ఉపయోగపడేది రికార్డింగు. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చిన విషయం ఒకటుంది: మాట్లాడేవాడు తన కంగారు బయటికి ఎంత కనబడుతోందనుకుంటాడో, నిజానికి వినేవాళ్ళకు అంత కనబడదు. ఈ ఒక్క సంగతి ముందుగా చెబితేనే కొందరు మెరుగ్గా మాట్లాడారట. తన గొంతు తాను విన్నాక మా కుర్రాళ్ళు అనే మాట దాదాపు ఒకటే, "ఇంతేనా సార్? లోపల గుండె డప్పు కొట్టినట్టు కొట్టుకుంది!"

నాలుగు రెట్లు, 275 శాతం

వీఆర్ అమ్మడానికి వచ్చిన ప్రతి సేల్స్ కుర్రాడి స్లైడులోనూ ఈ రెండు అంకెలుంటాయి: క్లాసు కంటే నాలుగు రెట్లు వేగంగా నేర్చుకుంటారు, ఆత్మవిశ్వాసం 275 శాతం పెరుగుతుంది. అంకెలు కల్పితం కావు. 2020లో పీడబ్ల్యూసీ అనే కన్సల్టింగ్ సంస్థ తన ఉద్యోగుల మీదే చేసిన అధ్యయనంలోవి. మొదటి చిక్కు, అక్కడ నేర్పింది ప్రెజెంటేషన్ కాదు. అందరినీ కలుపుకుపోయే నాయకత్వం అనే అంశం. రెండోది, 275 అనేది శిక్షణకు ముందు, తర్వాత తేడా. అదే పాఠం క్లాసులో కూర్చున్నవాళ్ళకూ ఆత్మవిశ్వాసం పెరిగింది. వాళ్ళతో పోలిస్తే వీఆర్ వాళ్ళకు అదనంగా వచ్చింది 40 శాతమని ఆ నివేదికే చెబుతుంది. అదీ వాళ్ళే చెప్పుకున్న ఆత్మవిశ్వాసం, పక్కవాడు కొలిచిన నైపుణ్యం కాదు. మూడోది, నాలుగు రెట్లు అంటే క్లాసులో రెండు గంటలు పట్టింది ఇక్కడ అరగంటలో అయిందని. సమయం తగ్గడం మంచిదే, కానీ సభలో మాట్లాడటం వేగంగా ముగించుకోవాల్సిన పాఠం కాదు కదా.

ఆ నివేదికలో స్లైడులకు ఎక్కని అంకె ఇంకొకటి ఉంది. క్లాసు ఖర్చుతో వీఆర్ ఖర్చు సమానం కావాలంటే 375 మంది నేర్చుకోవాలి. అది సొంతంగా పాఠం తయారు చేయించుకునే పెద్ద కంపెనీ లెక్క. మధురవాడలో 60 మంది ఉన్న స్టార్టప్‌కు ఈ లెక్క సరిపోదు. అలాంటివాళ్ళు రెండు హెడ్‌సెట్లు, నెలవారీ చందా కట్టే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకోవడం మేలు.

ఇక సరుకు. ప్లాంటులో బ్లోవర్ ఎందుకు ఆగిపోతోందో ఫైనాన్స్ వాళ్ళకు చెప్పి డబ్బు మంజూరు చేయించుకోవాల్సిన ఇంజనీరు ఉంటాడు. అతని స్లైడులో ముప్పై అంకెలుంటాయి, ఎదుటివాళ్ళకు కావాల్సింది ఒక్కటే: మార్చకపోతే నష్టం ఎంత? హెడ్‌సెట్ అతన్ని ధైర్యంగా, చక్కటి వేగంతో, అందరినీ చూస్తూ ఆ ముప్పై అంకెలూ చదివేలా చేయగలదు. చదవొద్దని చెప్పేది పక్కన కూర్చున్న సీనియరే.

బీరువాలో పెట్టి తాళం వేసే ముందు

కొనేటప్పుడు ఎవరూ చెప్పని చిన్న విషయాలు కొన్ని. విశాఖ ఉక్కపోతకు హెడ్‌సెట్ మెత్త రెండో మనిషికే తడిసి ముద్దవుతుంది. సిలికాన్ తొడుగు, తుడిచే వైప్స్ తప్పనిసరి. జడ ముడి వేసుకున్నవాళ్ళకు వెనక పట్టీ కూర్చోదు, కళ్ళద్దాలవాళ్ళకు ముందు భాగం కూర్చోదు, ముందే అడిగి సర్దాలి. సముద్రం కనబడేలా అద్దాల గోడలున్న ఆఫీసుల్లో ఇంకో ప్రమాదం: లెన్సులు ఎండ వైపు పెట్టి వదిలేస్తే భూతద్దంలా పనిచేసి లోపలి తెరను కాల్చేస్తాయి. ఒకచోట కొత్త హెడ్‌సెట్ మొదటి వారమే ఇలా పోయింది. అద్దం దగ్గర పెట్టింది నేనే.

చిన్న విషయం కానిది ఒకటి. స్కోర్లు ఎవరికి వెళ్తాయి? గొంతు, కదలికలు, మార్కులు అన్నీ ఉద్యోగి సొంత సమాచారం. 2023లో మన దేశానికి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది కూడా. చట్టం మాట అలా ఉంచినా, ఆ మార్కులు అప్రైజల్‌లో చూస్తారని తెలిసిన మరుక్షణం సాధన గది పరీక్ష హాలు అయిపోతుంది. ఎవరూ చూడరన్న ధీమాతో తడబడగలగడమే దీని అసలు ప్రయోజనం. అది పోయాక మిగిలేది ఖరీదైన కళ్ళజోడు.

ఇన్ని చెప్పాక, తెలుగులో మాట్లాడాల్సినవాళ్ళ కోసం మేం చేసిన నాటు ప్రయోగం ఒకటి చెబుతాను. మన ముఖాలున్న, మనలా ప్రవర్తించే శ్రోతలు రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో నాకు దొరకలేదు. ఆ బొమ్మలు అవునంటే తల పైకీ కిందికీ ఆడిస్తాయి. మనవాళ్ళు పక్కలకు ఊపుతారు, అది లేకపోతే మాట్లాడేవాడికి ఏదో వెలితి. అందుకని ఒక 360 డిగ్రీల కెమెరా అద్దెకు తెచ్చి, ఒక ప్లాంటు ట్రైనింగ్ హాల్లో ప్రెజెంటర్ నిలబడే చోట పెట్టి, పదిహేను మంది ఉద్యోగులనే ఎదురుగా కూర్చోబెట్టి వీడియో తీశాం. ఒకాయన తల ఊపాలి, ఒకాయన వాచీ చూసుకోవాలి, ఆరో నిమిషంలో ఒక సీనియర్ లేచి, "అదంతా సరేనండీ, ఇంతకీ దీనివల్ల మాకేటి?" అనాలి. ఈ పద్ధతికి లోపం ఉంది. వీడియోలో మనుషులు మీరేం చెప్పినా అదే చేస్తారు, మీ మాటకు స్పందించరు. స్లేటర్ చెప్పిన రెండో భ్రమ సగమే దక్కుతుంది. అయినా తెలిసిన ముఖాలు, తెలిసిన హాలు కావడంతో పని జరిగింది.

వీడియో తీస్తుండగా నాలుగో నిమిషంలో, మేం చెప్పకుండానే, టీ కుర్రాడు ట్రే పట్టుకుని తలుపు తోసుకుని వచ్చేశాడు. వరసగా గ్లాసులు అందిస్తూ పోయాడు, అందరూ వాడి వైపు తిరిగారు. ఎడిటింగ్‌లో ఆ ముక్క తీసేద్దామనుకుని బద్ధకించి వదిలేశాను. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ జనం ఆగిపోయేది అక్కడే. సీనియర్ ప్రశ్నకు ఎవరో ఒకరు జవాబు చెబుతారుగానీ, టీ గ్లాసులు తిరుగుతుంటే మాట కొనసాగించాలో ఆపాలో ఎవరికీ తోచదు. మొన్న ఒకాయన హెడ్‌సెట్‌లోంచే చెయ్యి చాపి, "నాకూ ఒకటి ఇటివ్వు నాయనా" అని, మళ్ళీ స్లైడులోకి వెళ్ళిపోయాడు.